ఒకే ప్రొజెక్టర్, రెండు అవసరాలు: సినిమాకి నేను, ఆటకి తమ్ముడు

1వ రోజు

రెండు నెలలుగా ఫోన్‌లో ప్రొజెక్టర్ల వివరాలు చదివీ చదివీ తల వాచిపోయింది. ఒకటి మూడు వేల ల్యూమెన్లంటుంది (ప్రొజెక్టర్ వేసే కాంతికి కొలత అది), ఇంకొకటి అరచేతిలో పట్టే పెట్టె అయినా తొమ్మిది వేలంటుంది. ఇవాళ ఫోన్ పక్కన పడేసి కొలత టేపు పట్టుకున్నాను. డైరీ కూడా ఇవాళే మొదలు.

పెద్ద తెర కావాలన్న కోరిక మా ఇద్దరిదీ. నాకు కావాల్సింది సినిమా. రాత్రి లైట్లన్నీ ఆర్పేశాక, చీకటి సీన్లో నల్లకోటు మడతలు కూడా విడివిడిగా కనపడాలి. తమ్ముడికి కావాల్సింది ఆట. బటన్ నొక్కిన వెంటనే తెర మీద దెబ్బ పడాలి, గదిలో ఒక లైటు వెలుగుతున్నా చూడగలగాలి. కొనేది మాత్రం ఒక్కటే.

గది పొడవు 420 సెం.మీ., వెడల్పు 330. సోఫాలో కూర్చుంటే కళ్ల నుంచి ఎదురు గోడకి 320. మాస్కింగ్ టేపుతో గోడ మీద 100 అంగుళాల తెర గీశాం. 16:9 నిష్పత్తిలో అది 221 సెం.మీ. వెడల్పు, 124.5 సెం.మీ. ఎత్తు. దాని చుట్టూ 120 అంగుళాలది కూడా గీశాం, వెడల్పు 266. అంకెల్లో చూస్తే తేడా 20 అంగుళాలే. వైశాల్యంలో చూస్తే 44 శాతం ఎక్కువ, అంటే అదే కాంతి అంత మేర పలచబడుతుంది.

తమ్ముడు సోఫాలో కూర్చుని, చేతిలో కంట్రోలర్ ఉన్నట్టే పెట్టుకుని, కళ్లు ఆ మూల నుంచి ఈ మూలకి తిప్పి చూశాడు. "అక్కా, పెద్దదైతే మూలన మ్యాప్ చూడాలంటే మెడ కూడా తిప్పాల్సి వస్తోంది. చిన్నదే చాలు." లెక్క కట్టి చూశాను. 100 అంగుళాలైతే చూపు కోణం 38 డిగ్రీలు, 120 అయితే 45. సినిమాకి 30 డిగ్రీలైనా ఉండాలని సాధారణంగా చెబుతారు కాబట్టి 100 నాకూ సరిపోతుంది. తెర అడుగు నేల నుంచి 70 సెం.మీ. ఎత్తులో ఉండేలా గీతలు సరిచేశాం. కూర్చున్నప్పుడు నా కళ్లు తెర కింది మూడో వంతు దగ్గరికి వస్తున్నాయి. మెడ ఎత్తక్కర్లేదు.

2వ రోజు

పెట్టెని ఎక్కడ పెడతామో తేల్చకుండా మోడళ్లు చూడటం వృథా అని ఇవాళ బాగా అర్థమైంది.

ప్రతి ప్రొజెక్టర్‌కీ త్రో రేషియో అని ఒక అంకె ఉంటుంది. లెన్స్ నుంచి తెరకి ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేదే అది. సీలింగ్‌కి బిగిద్దామంటే ఫ్యాన్ రెక్కలు కాంతికి అడ్డం వస్తున్నాయి. సోఫా ముందు టీపాయ్ మీద షార్ట్ త్రో, అంటే దగ్గర నుంచే పెద్ద బొమ్మ వేసే రకం, పెట్టొచ్చు, కానీ దాని ఫ్యాన్ చప్పుడు మొహం ముందే ఉంటుంది, అటూ ఇటూ ఎవరు నడిచినా తెర మీద నీడ పడుతుంది. ఇక మిగిలింది వెనక గోడకి షెల్ఫ్. పెట్టె లోతు, వెనక కేబుళ్లకీ గాలికీ వదలాల్సిన చోటు తీసేస్తే లెన్స్ నుంచి తెరకి 370 సెం.మీ. వస్తుంది. 370ని 221తో భాగిస్తే 1.67.

అంటే మాకు కావాల్సిన ప్రొజెక్టర్ జూమ్ పరిధిలో 1.67 ఉండాలి. ఈ ఒక్క లెక్కతో నేను రాసుకున్న 11 మోడళ్లలో 7 ఎగిరిపోయాయి. వాటిలో రెండు నేను దాదాపు ఆర్డర్ పెట్టేయబోయినవి.

ఇంకో కొలత కూడా రాసుకున్నాను. షెల్ఫ్ మీద లెన్స్ ఎత్తు 205 సెం.మీ., బొమ్మ మధ్య భాగం ఎత్తు 132. తేడా 73, అంటే బొమ్మ ఎత్తులో దాదాపు 59 శాతం. లెన్స్‌ని లోపల పైకీ కిందకీ జరిపి బొమ్మని దించే లెన్స్ షిఫ్ట్ అంత మేర ఉన్న మోడల్ అయితే పెట్టెని వంచక్కర్లేదు. లేకపోతే వంచాలి. వంచితే బొమ్మ కింద వెడల్పుగా, పైన ఇరుగ్గా పడుతుంది, దాన్ని కీస్టోన్‌తో సరిచేయాలి. అది వద్దని ఎందుకు అంటున్నానో కింద 9వ రోజు దగ్గర రాశాను.

4వ రోజు

ఫొటోలు తీసే స్నేహితురాలి దగ్గర లైట్ మీటర్ తెచ్చాను. ఇంత పనికొస్తుందని అనుకోలేదు.

మధ్యాహ్నం, మామూలు కర్టెన్లు వేసి ఉండగా, టేపు గీతల మధ్య మీటర్ పెడితే 100 లక్స్ (గోడ మీద పడే కాంతికి కొలత) దాకా చూపించింది. మాట్, అంటే మెరుపు లేని తెల్ల గోడ మీద 100 లక్స్ పడితే ఆ గోడ దాదాపు 32 నిట్ల (కంటికి కనపడే వెలుగుకి కొలత) వెలుగుతో కనపడుతుంది. ప్రొజెక్టర్ నలుపుని గోడ మీదకి విసరలేదు కదా, ఆ చోట కాంతి వేయకుండా ఊరుకుంటుంది, అంతే. కాబట్టి ఆ గదిలో అత్యంత నల్లని నలుపు 32 నిట్లు. 100 అంగుళాల తెర మీద నిజంగా 1000 ల్యూమెన్లు పడితే తెలుపు 115 నిట్లు. దానికి గదిలో వెలుగు కూడా కలిపితే 147. 147కీ 32కీ నిష్పత్తి ఐదు కూడా లేదు. పెట్టె మీద కాంట్రాస్ట్ (తెలుపుకీ నలుపుకీ ఉన్న ఈ నిష్పత్తే) లక్షకి ఒకటి అని రాసి ఉన్నా ఆ మధ్యాహ్నం మాకు దక్కేది ఇదే.

ఇదే లెక్క చీకటి గదిలో వేస్తే మనసు తేలికైంది. సినిమా హాళ్లలో తెర తెలుపుకి ప్రమాణం 48 నిట్లు. 100 అంగుళాల మాట్ తెర మీద అది రావడానికి సుమారు 416 ల్యూమెన్లు చాలు. ఇన్నాళ్లూ మూడు వేలా నాలుగు వేలా అని నేను పడ్డ టెన్షన్ అంతా వెలుగున్న గది కోసమే. సినిమాకి ముందు కావాల్సింది కర్టెన్.

ల్యూమెన్ల గురించి ఒక హెచ్చరిక. అన్సీ ల్యూమెన్లు అని కానీ, ఐఎస్‌ఓ 21118 ప్రకారం అని కానీ రాసి ఉంటేనే ఆ అంకెని పక్క మోడల్ అంకెతో పోల్చండి. ఉత్త ల్యూమెన్లు, లైట్ సోర్స్ ల్యూమెన్లు అంటే బల్బు దగ్గర కొలిచిందో, ఇంకేదో కావచ్చు, లెన్స్ దాటి బయటికొచ్చింది కాకపోవచ్చు. అరచేతి పెట్టె తొమ్మిది వేల రహస్యం అక్కడుంది. పైగా అత్యధిక కాంతి అంతా డైనమిక్ లాంటి మోడ్‌లోనే వస్తుంది. ఆ మోడ్‌లో మొహాలు ఆకుపచ్చగా కనపడతాయి, ఎవరూ చూడరు. సినిమా మోడ్‌కి వచ్చేసరికి మూడో వంతు తగ్గినా ఆశ్చర్యపోకూడదు.

సాయంత్రానికి బ్లాక్అవుట్ కర్టెన్లు తెచ్చి బిగించాం. తమ్ముడి లైటుని సోఫా వెనక్కి, వెనక గోడ వైపు తిప్పి పెట్టాం. తెర మీద మీటర్ ఇప్పుడు 8 లక్స్ చూపిస్తోంది. నలుపు 32 నిట్ల నుంచి 2.5కి వచ్చింది. ప్రొజెక్టర్ ఇంకా కొననే లేదు, సగం పని అయిపోయింది.

8వ రోజు

తెలిసినవాళ్ల దగ్గర రెండు ప్రొజెక్టర్లు వారం రోజులకి అరువు దొరికాయి. ఒకటి డీఎల్‌పీ, ఇంకొకటి 3ఎల్‌సీడీ. రెండూ నాలుగైదేళ్ల పాతవే, కొనబోయేవి కావు. కానీ ఏ రకం మా కళ్లకి పడుతుందో తేల్చుకోవడానికి ఇవి చాలు.

ముందు డీఎల్‌పీ పెట్టాం. దీని లోపల చిప్ మీద లక్షల కొద్దీ అతి చిన్న అద్దాలుంటాయి. ఒక్కో అద్దం అటూ ఇటూ వాలుతూ కాంతిని లెన్స్‌లోకి పంపుతుంది, లేదా పక్కకి నెట్టేస్తుంది. 1987లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ కనిపెట్టిన పద్ధతి ఇది. బొమ్మ అంచులు కత్తితో కోసినట్టు ఉన్నాయి. నాకు చాలా నచ్చింది, ఇదే కొనేద్దామని మనసులో అనేసుకున్నాను. తమ్ముడికి కూడా కాగితం మీద ఇదే కావాలి, ఎందుకంటే ఈ రకంలో 1080పీ (అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్ల బొమ్మ) దగ్గర సెకనుకి 240 ఫ్రేములు తీసుకుని, నాలుగైదు మిల్లీసెకన్ల ఆలస్యంతో చూపించే మోడళ్లు ఉన్నాయి.

నల్ల తెర మీద తెల్లటి సబ్‌టైటిల్ ఉన్న సీన్ దగ్గర వాడు ఆగిపోయాడు.

"అక్కా, నీకు కనపడట్లేదా?"

"ఏంట్రా?"

"అక్షరాల పక్కన ఎరుపూ నీలం మెరుస్తున్నాయి. కన్ను తిప్పినప్పుడల్లా."

నాకు ఏమీ కనపడలేదు. కళ్లు గబగబా తిప్పి చూసినా లేదు. వాడు మాత్రం ప్రతి సబ్‌టైటిల్‌కీ చెబుతున్నాడు. ఆటలో చీకటి సొరంగంలోకి టార్చి పట్టుకుని వెళ్లినప్పుడు ఇంకా ఎక్కువ అన్నాడు. అరగంట తర్వాత తల నొప్పి అని లేచిపోయాడు.

ఒకే చిప్ ఉన్న డీఎల్‌పీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్ని ఒకదాని తర్వాత ఒకటి చాలా వేగంగా చూపిస్తుంది. మామూలుగా మెదడు వాటిని కలిపేస్తుంది. కన్ను కదులుతున్నప్పుడు ఆ మూడూ రెటీనా మీద మూడు వేర్వేరు చోట్ల పడతాయి. కొందరికి అది తెలియదు, కొందరికి ప్రతిసారీ తెలుస్తుంది. రెయిన్‌బో ఎఫెక్ట్ అని దీన్నే అంటారు. అక్కాతమ్ముళ్లమే అయినా మా కళ్లు వేరు. నేనొక్కదాన్నే చూసి కొనేసి ఉంటే వాడు రోజూ తలనొప్పితో ఆడేవాడు, లేదా నాకు చెప్పకుండా ఆడటం మానేసేవాడు. వాడి సంగతి నాకు తెలుసు.

తర్వాత 3ఎల్‌సీడీ. ఎప్సన్ ఎక్కువగా చేసే రకం ఇది. కాంతిని మూడు రంగులుగా విడదీసి, మూడు పలకల గుండా ఒకేసారి పంపి, మళ్లీ కలుపుతుంది. వాడికి ఏ రంగూ చీలలేదు. అదే సొరంగం, అదే టార్చి, రెండు గంటలు ఆడాడు. లోపం ఇక్కడా ఉంది. మూడు పలకలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకదానిపై ఒకటి పడాలి. ఈ పాతదానిలో తెల్ల గీత పైఅంచున సన్నటి ఎర్ర చార కనపడుతోంది, తెరకి అడుగు దూరంలో నిలబడి చూస్తే. సోఫాలోంచి కనపడదు.

ఎల్‌కాస్ అని మూడో రకం ఉంది. జేవీసీ వాళ్ల డీ-ఐఎల్‌ఏ, సోనీ వాళ్ల ఎస్‌ఎక్స్‌ఆర్‌డీ ఆ కోవలోవి. నలుపు విషయంలో వాటికి పెట్టింది పేరు. మా చేతికి అందేవి కావు కాబట్టి ఆ పేజీ మూసేశాను.

9వ రోజు

ఇవాళంతా ఆలస్యం కొలవడమే పని.

ఫోన్‌లో స్లో మోషన్ సెకనుకి 240 ఫ్రేములకి పెట్టాను. తమ్ముడి బొటనవేలు, తెర రెండూ ఒకే ఫ్రేములో పడేలా ఫోన్‌ని స్టాండ్ మీద నిలబెట్టాను. ఆటలో దూకే బటన్ పదిసార్లు నొక్కాడు. తర్వాత వీడియోని ఒక్కో ఫ్రేమే జరుపుతూ, బటన్ పూర్తిగా దిగిన ఫ్రేము నుంచి ఆటలోని మనిషి కాలు నేల వదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టాను. ఒక్కో ఫ్రేము 4.17 మిల్లీసెకన్లు. ఇందులో కంట్రోలర్ ఆలస్యం, ఆట తన సొంతంగా తీసుకునే ఆలస్యం కూడా కలిసి ఉంటాయి, కాబట్టి ఈ అంకె ప్రొజెక్టర్‌ది మాత్రమే కాదు. అయితే ఆట అదే, బటన్ అదే, కాబట్టి ఒక మోడ్‌కీ ఇంకో మోడ్‌కీ వచ్చే తేడా మాత్రం ప్రొజెక్టర్‌దే.

3ఎల్‌సీడీ సినిమా మోడ్‌లో సగటు 38 ఫ్రేములు. గేమ్ మోడ్‌లో 22. తేడా 16 ఫ్రేములు, అంటే 67 మిల్లీసెకన్లు. సెకనుకి 60 ఫ్రేముల ఆటలో ఒక ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది కాబట్టి సినిమా మోడ్‌లో వాడు శత్రువుని నాలుగు ఫ్రేములు ఆలస్యంగా చూస్తున్నట్టు. వాడు ఆ మాట ముందే చెప్పాడు, లెక్క తెలియకుండానే: "బురదలో నడుస్తున్నట్టు ఉందక్కా."

తర్వాత గేమ్ మోడ్‌లోనే ఉంచి, పెట్టెని కాస్త వంచి, కీస్టోన్ వేశాం. 22 కాస్తా 26 అయింది. ఫోన్‌లో ఆ నాలుగు ఫ్రేములంటే ఆటలో ఒక ఫ్రేము, బొమ్మని లోపల మళ్లీ గీయడానికి ఇది అంత సమయం తీసుకుంటోంది. అన్ని మోడళ్లూ ఇలా చేస్తాయని అనను, మా చేతిలో ఉన్నది చేసింది.

ఆలస్యం కంటే నన్ను బాధపెట్టింది బొమ్మే. ఒక పిక్సెల్ మందం గీతలతో గళ్ల నమూనా వేశాం. కీస్టోన్ లేనప్పుడు ప్రతి గీతా ఒకే మందంలో, దారం లాగినట్టు ఉంది. కీస్టోన్ వేయగానే గళ్లు అలలు అలలుగా మారాయి. నాలుగు గీతలు సన్నం, ఐదోది లావు, మళ్లీ నాలుగు సన్నం. బొమ్మని దీర్ఘచతురస్రంగా చూపించడానికి పలక మీద అంచుల పిక్సెళ్లని వదిలేసి, మిగిలినవాటిలోకి మొత్తం బొమ్మని కుదిస్తుంది కాబట్టి అలా అవుతుంది. వదిలేసిన అంచుల్లోంచి కూడా సన్నటి బూడిద వెలుగు గోడ మీద పడుతూనే ఉంది. లెన్స్ షిఫ్ట్ లేనిది కొనకూడదని ఆ గళ్లు చూశాక పక్కా అయిపోయింది.

11వ రోజు

4కే, అంటే 1080పీకి నాలుగింతల పిక్సెళ్లు, ముఖ్యమా కాదా అని తేల్చుకోవాలి. 100 అంగుళాల మీద 1080పీ పిక్సెల్ వెడల్పు 1.15 మి.మీ. 320 సెం.మీ. దూరం నుంచి అది కంటికి సుమారు 1.24 ఆర్క్ నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం). మంచి చూపున్న కన్ను ఒక ఆర్క్ నిమిషం దాకా విడదీయగలదు. అంటే 1080పీలో పిక్సెళ్లు కనపడీ కనపడనట్టు ఉంటాయి, 4కేలో అసలు కనపడవు. లాభం ఉంది. కానీ నలుపు, లెన్స్ షిఫ్ట్, ఆలస్యం తర్వాతే దాన్ని పెట్టాను. ఇంటి ప్రొజెక్టర్లలో 4కే అని రాసినవాటిలో చాలావరకు 1080పీ పలకనో చిప్‌నో ఆధారం చేసుకుని, పిక్సెళ్లని అతి వేగంగా అటూ ఇటూ జరిపి 4కే చూపిస్తాయి. మోసమేమీ కాదు, సోఫాలోంచి చూస్తే అక్షరాలు నిజంగానే నున్నగా ఉంటాయి.

రెండో విషయం 24 ఫ్రేములు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. దాన్ని 60లో ఇరికిస్తే ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు చూపించాల్సి వస్తుంది. కెమెరా మెల్లగా పక్కకి జరిగే షాట్‌లో అది కుదుపుగా తెలుస్తుంది. ప్లేయర్ నుంచి 24నే పంపితే, ప్రొజెక్టర్ కూడా దాన్ని అలాగే తీసుకుంటే ఆ కుదుపు పోతుంది. అరువు తెచ్చిన రెండింటిలో ఒకటి 24 తీసుకున్నట్టే తీసుకుని లోపల 60కి మార్చేస్తోంది. కొనేముందు అడగాల్సిన ప్రశ్నల్లో దీన్నీ చేర్చాను.

15వ రోజు

కొన్నాం. 3ఎల్‌సీడీ, లేజర్ కాంతి, జూమ్‌తో త్రో రేషియో 1.35 నుంచి 2 దాటి, నిలువు లెన్స్ షిఫ్ట్ 60 శాతానికి మించి, పిక్సెల్ జరిపే 4కే, 120 హెర్ట్‌జ్, అంటే సెకనుకి 120 ఫ్రేముల దాకా తీసుకునే హెచ్‌డీఎంఐ. లేజర్ ఎందుకంటే తమ్ముడు రోజుకి మూడు గంటలు ఆడతాడు, సినిమాలు అదనం. దీపం ఉన్న మోడల్ అయితే కొన్ని వేల గంటలకి దీపం మార్చాలి, అది పాతబడే కొద్దీ బొమ్మ మసకబారుతుంది. లేజర్‌కి 20 వేల గంటలని రాస్తారు.

డీఎల్‌పీ నాలుగు మిల్లీసెకన్ల వేగం వదులుకుంటున్నావు, సరేనా అని తమ్ముణ్ని రెండుసార్లు అడిగాను. "తలనొప్పి లేకుండా ఆడటమే వేగం అక్కా" అన్నాడు.

17వ రోజు

బిగించడం అనుకున్నంత తేలిక కాలేదు.

షెల్ఫ్ మీద పెట్టి ఆన్ చేసిన పావుగంటకి ఫ్యాన్ హోరెత్తింది. వేడిగాలి బయటికొచ్చే వైపు పక్క అలమరాకి మరీ దగ్గరగా ఉంది, అదే గాలి మళ్లీ లోపలికి పోతోంది. అలమరా పక్కకి జరిపి జాగా వదిలాక నిశ్శబ్దంగా ఉంది.

తర్వాత కేబుల్. గోడ వెంట తిప్పుకుని వస్తే 10 మీటర్లు పట్టింది. మామూలు రాగి హెచ్‌డీఎంఐ కేబుల్‌తో 1080పీ బాగానే వచ్చింది, 4కే హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడా ఎక్కువగా ఉండే వీడియో) పెట్టగానే తెర మీద తెల్లటి చుక్కలు రాలాయి, మధ్యమధ్య బొమ్మే పోయింది. ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తెప్పించాం. దాన్ని గోడ వెంట అంతా క్లిప్పులు కొట్టి బిగించాక చూస్తే అసలు బొమ్మే లేదు. ఆ కేబుల్‌కి దిక్కు ఉంటుంది. ఒక కొస మీద సోర్స్ అనీ, రెండోదాని మీద డిస్‌ప్లే అనీ చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది. క్లిప్పులన్నీ ఊడదీసి తిప్పి బిగించాం. కొట్టేముందు ఒకసారి నేల మీదే పరిచి పరీక్షించండి, మా రెండు గంటలు అలా పోయాయి.

శబ్దం సంగతి త్వరగా తేలింది. ప్రొజెక్టర్ స్పీకర్ మన వెనకుంటుంది, మాటలు వీపు వెనక నుంచి వస్తే సినిమా నిలబడదు. ప్లేస్టేషన్‌నీ ప్లేయర్‌నీ ముందు తెర కిందున్న సౌండ్‌బార్‌కి కలిపి, అక్కడి నుంచి బొమ్మని ప్రొజెక్టర్‌కి పంపాం. బ్లూటూత్ ప్రయత్నించి వదిలేశాం, తుపాకీ పేలిన తర్వాత చప్పుడు వస్తోంది.

20వ రోజు

తెర గెయిన్ 1.0 ఉన్న, అంటే కాంతిని ఒకవైపుకి పెంచి చూపించని, మాట్ తెల్లదే తీసుకున్నాం. బొమ్మ చూశాక గది మీదే దృష్టి పోతోంది. తెర మీది వెలుగు తెల్ల సీలింగ్‌కి తగిలి మళ్లీ తెర మీదకే దిగుతోంది. సగం తెల్లగా, సగం నల్లగా ఉన్న బొమ్మ వేసి, తెరకి దగ్గరగా ఉన్న మొదటి మీటరు మేర పక్క గోడల మీదా సీలింగ్ మీదా నల్లటి మందపాటి గుడ్డ వేలాడదీశాం. తమ్ముడు ఒక కొస పట్టుకుని దించుతూ ఎత్తుతూ ఉంటే నేను సోఫాలోంచి చూశాను. గుడ్డ ఉన్నప్పుడు నల్లసగం లోతుగా దిగిపోతోంది, తీయగానే బూడిద పొగ పట్టినట్టు అవుతోంది. కొత్త ప్రొజెక్టర్ మార్చినా ఇంత తేడా వచ్చేది కాదేమో. పక్క గోడల గుడ్డ ఇవాళే శాశ్వతంగా బిగించాం.

హెచ్‌డీఆర్ మాత్రం కుస్తీ పట్టించింది. హెచ్‌డీఆర్ సినిమాలు 1000 నిట్లో అంతకంటే ఎక్కువో ఉన్న తెరల్ని దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి. మాకు చీకట్లో పూర్తి కాంతితో 160 నిట్ల దగ్గర వస్తోంది. ఆ పై భాగాన్ని కిందికి ఎలా ఒంచాలో ప్రొజెక్టరే నిర్ణయించుకుంటుంది. మొదటి సెట్టింగులో ఆకాశం బాగుంది, మొహాలు చీకట్లో మునిగిపోయాయి. హెచ్‌డీఆర్ స్లైడర్‌ని నాలుగు మెట్లు జరిపాక మొహాలు పైకి వచ్చాయి, సూర్యుడి చుట్టూ మేఘాల అంచులు కొంచెం కాలిపోయాయి. నాకు మొహాలే ముఖ్యం. ఆట కోసం ప్లేస్టేషన్ 5లో హెచ్‌డీఆర్ సర్దుబాటు తెర విడిగా ఉంది, గుర్తు కనపడీ కనపడకుండా పోయేదాకా జరపాలి. ఆ పని ఎప్పుడు చేసినా ప్రొజెక్టర్ గేమ్ మోడ్‌లో ఉండగానే చేయాలి, మోడ్ మారితే అదంతా మారిపోతుంది.

24వ రోజు

కొత్తదాని మీద మళ్లీ స్లో మోషన్ పరీక్ష. అదే ఆట, అదే దూకే బటన్, గేమ్ మోడ్, సెకనుకి 60 ఫ్రేములు: సగటు 19 ఫోన్ ఫ్రేములు. 120 ఫ్రేములకి మార్చే ఆటలో సగటు 14. పాత టీవీ మీద ఇదే ఆట 60లో 18 ఇచ్చింది. ఒక్క ఫ్రేము తేడా, 4 మిల్లీసెకన్లు. తమ్ముడు టీవీ ప్లగ్ తీసేసి కేబుల్ చుట్టేశాడు.

సెట్టింగులు రెండు మెమరీల్లో దాచాం. 1లో సినిమా: లేజర్ సగానికి, 24 ఫ్రేములు, ఫ్రేములు కలిపే మోషన్ పూర్తిగా ఆఫ్. 2లో ఆట: లేజర్ పూర్తిగా, గేమ్ మోడ్, వెనక లైటు ఆన్.

రాత్రి పదకొండింటికి నేను మెమరీ 1 పెట్టి నా చీకటి సీన్ వేశాను. నల్లకోటు మడతలు ఐదు లెక్కపెట్టాను. పాత టీవీలో మూడే కనపడేవి. ఇంతలో తమ్ముడు పక్క గది తలుపు గట్టిగా వేశాడు, తెర మీద బొమ్మ మొత్తం ఒక్కసారి వణికింది. షెల్ఫ్ ఉన్న గోడా ఆ తలుపున్న గోడా ఒకటే. రేపు పెట్టె కాళ్ల కింద రబ్బరు దిమ్మలు పెట్టాలి, తలుపు చట్రానికి ఫెల్ట్ పట్టీ అంటించాలి. సీలింగ్ మీది నల్లగుడ్డ కూడా ఇంకా పిన్నుల మీదే ఉంది.